ఎదురు చూసే కెమెరా

మహీధర్‌కు పట్టింపులు లేవు. ఆ సంగతి అతనే చెబుతాడు, ఎవరూ అడగకపోయినా చెబుతాడు. "నాకలాంటి పట్టింపులు లేవండీ, కానీ ఎందుకొచ్చిన రిస్కు" అంటాడు. ఆ వాక్యంలో మొదటి సగం అతను చదివిన ఇంజనీరింగ్ కాలేజీది, రెండో సగం తణుకులో అతన్ని పెంచిన నాయనమ్మది. మధ్యలో ఉన్న 'కానీ' మాత్రం అచ్చంగా అతని సొంతం.

ఉద్యోగం కూడా దానికి తగ్గదే దొరికింది. సింగపూర్‌లో ఒక బ్యాంకు రిస్కు విభాగంలో పనిచేస్తాడు. ఎక్కడ ఏ ప్రమాదం పొంచి ఉందో ముందే పసిగట్టి, ఎరుపు, పసుపు, ఆకుపచ్చ గళ్ళలో నింపి పైవాళ్ళకు పంపాలి. తొమ్మిదేళ్ళుగా నింపుతూనే ఉన్నాడు. తన విభాగాన్నే మూసేస్తారన్న సంగతి మాత్రం ఏ గడిలోనూ పడలేదు. ఆగస్టులోగా వేరే ఉద్యోగం చూసుకోమని మార్చిలో మర్యాదగా చెప్పారు. అప్పటినుంచి అతనికి కావలసింది ఒక్కటే, ఒక ఉద్యోగం. అది దొరకకుండా అడ్డుపడే ప్రతిదాన్నీ అతను ఎర్ర గడిలో వేయడం మొదలుపెట్టాడు.

పుంగ్గోల్‌లో పన్నెండో అంతస్తు ఫ్లాటు. భార్య కల్పన ఆస్పత్రి ల్యాబ్‌లో పనిచేస్తుంది, ఆరున్నరకే వెళ్ళిపోతుంది. కూతురు వర్షితకు పదకొండేళ్ళు. తెలుగులో అడిగితే అర్థమవుతుంది, జవాబు మాత్రం సగం ఇంగ్లీషులో వస్తుంది. లిఫ్టు ముందున్న ఖాళీ జాగాకు అటువైపు, సరిగ్గా ఎదురింట్లో సత్యవాణి ఆంటీ ఉంటుంది. బడి వదలగానే వర్షిత వెళ్ళేది ఆ ఇంటికే. అన్నం అక్కడే, అక్షరాలు దిద్దేదీ అక్కడే.

సత్యవాణి విజయనగరం నుంచి పెళ్ళయి వచ్చి ముప్పై ఏళ్ళు దాటింది. ఆవిడ తెలుగులో కాస్త తమిళం, కాస్త మలయ్ కలిసిపోయాయి. అన్నం తిన్నారా అని అడగడానికి "మకాన్ అయిందా" అంటుంది. భర్త దశరథరామయ్య సెంబవాంగ్ షిప్‌యార్డులో ఫోర్‌మన్‌గా చేసేవాడు. మహీధర్ ఈ ఫ్లాటులోకి కొత్తగా వచ్చినప్పుడు బ్యాంకు ఇంటర్వ్యూకి బయల్దేరుతూ, "ఆంటీ, ఒక్కసారి ఎదురు రండి" అని నోరు తెరిచి అడిగాడు. ఆవిడ నవ్వి, మొహాన రూపాయంత బొట్టు పెట్టుకుని, నిండు బిందె చంకనెత్తుకుని లిఫ్టు దగ్గరనుంచి నడిచి వచ్చింది. లిఫ్టులోంచి దిగిన చైనా ముసలాయన ఆ బిందెను చూసి నీళ్ళు రావడం లేదా అని కంగారుపడ్డాడు. ఉద్యోగం మాత్రం వచ్చింది. ఆ తర్వాత శాశ్వత నివాసపు పీఆర్ కాగితాలకూ, కల్పన ఉద్యోగానికీ, వర్షిత బడికీ ఆవిడే ఎదురు.

పధ్నాలుగు నెలల కిందట దశరథరామయ్య పోయాడు. మహీధర్ చెడ్డవాడు కాదు. ఆస్పత్రి కాగితాల దగ్గరనుంచి అస్థికల దాకా కొడుకులా దగ్గరుండి అన్నీ చేశాడు. ఆ పనులన్నీ అయిపోయిన మర్నాటి నుంచే, ఆఫీసుకు బయల్దేరే ముందు తలుపుకున్న అద్దపు కన్నంలోంచి ఒకసారి చూడటం మొదలుపెట్టాడు. ఎదురింట్లో ఉన్నది అదే మనిషి, అవే చెప్పులు. అతని లెక్కలో మాత్రం ఆకుపచ్చ గడి ఎర్రబడింది. ఎప్పుడైనా పొరపాటున తలుపు తీసేసరికి ఆవిడ కనిపిస్తే, "అయ్యో, ఏదో మర్చిపోయానే" అని గొణుక్కుంటూ లోపలికి వెళ్ళి, బూట్లు విప్పి, సోఫాలో కూర్చుని, మంచినీళ్ళు తాగి మళ్ళీ బయల్దేరేవాడు. ఏం మర్చిపోయాడో ఆవిడ ఎన్నడూ అడగలేదు.

కన్నంతో ఒక చిక్కుంది. అందులోంచి చూస్తే గుమ్మం ముందు నిలబడినవాళ్ళ ముక్కు తప్ప ఏమీ కనిపించదు. లిఫ్టు దగ్గర ఎవరున్నారో తెలియదు. మేలో మొదటి ఇంటర్వ్యూకి బయల్దేరిన రోజు కన్నంలోంచి చూస్తే అంతా ఖాళీ. తీరా తలుపు తీసి రెండడుగులు వేసేసరికి లిఫ్టు దగ్గర సత్యవాణి. వెనక్కి వెళ్ళి మంచినీళ్ళు తాగే వేళ కూడా లేదు. ఆ ఉద్యోగం రాలేదు. ఆ పనికి కావలసిన సర్టిఫికెట్ తన దగ్గర లేదని వాళ్ళు స్పష్టంగా రాసినా, మహీధర్ ఆ ఉత్తరాన్ని సగమే నమ్మాడు.

ఆ వారమే బయటి చెప్పుల స్టాండులోంచి వర్షిత ఎడమకాలి బూటు మాయమైంది. మహీధర్ మొహం వెలిగిపోయింది. కెమెరా పెట్టించడానికి ఇంట్లో చెప్పుకోదగ్గ కారణం దొరికింది.

"ఒంటి బూటు ఎవడెత్తుకుపోతాడండీ?" అంది కల్పన.

"ఇవాళ బూటు, రేపు ఇంకోటి. ఎందుకొచ్చిన రిస్కు."

రెండు వారాలు పరిశోధన జరిగింది. పందొమ్మిది కెమెరాలను గళ్ళలో ఎక్కించాడు. ఎంత వెడల్పు చూస్తుంది, చీకట్లో రంగులు తెలుస్తాయా, వానజల్లుకు తట్టుకుంటుందా, బొమ్మలు కార్డులో దాచుకుంటుందా, క్లౌడ్ పేరుతో ఆకాశంలోకి పంపుతుందా, ఒక్కోదానికీ మార్కులు వేశాడు. తెలుగువాళ్ళ వాట్సాప్ గ్రూపులో సలహా అడిగితే నలభై మంది నలభై రకాలుగా చెప్పారు. బుకిట్ పంజాంగ్‌లో ఉండే చక్రధర్ అయితే ఆఫీసులో కూర్చుని రోజూ తన ఇంటి మూసిన తలుపును చూసుకుంటానని, ఎంతో ప్రశాంతంగా ఉంటుందని రాశాడు. మొత్తానికి మనుషుల మొహాలు గుర్తుపట్టే కెమెరా ఒకటి గెలిచింది. అది ఇంటికొచ్చిన రోజే పోయిన బూటు వర్షిత బడి సంచీ అడుగున దొరికింది. మహీధర్ ఆ సంగతిని పైకి రానివ్వలేదు.

బిగించడానికి వచ్చిన చైనా పెద్దాయన నిచ్చెన ఎక్కి, డ్రిల్లు పట్టుకుని, "ఏం చూడాలి నీకు?" అని ఇంగ్లీషులో అడిగాడు.

"లిఫ్టు" అన్నాడు మహీధర్.

"లిఫ్టులో కెమెరా ఆల్రెడీ ఉంది లా" అని ఆయన, ఇక్కడివాళ్ళు ప్రతి మాట చివరా తగిలించే 'లా'ను తగిలించి, కాసేపు జాలిగా చూసి, తలుపుపైన బిగించాడు. దిగాక ఫోన్‌లో బొమ్మ చూసి తల అడ్డంగా ఊపాడు. ఎదురింటి తలుపు కనిపిస్తోంది, అది కుదరదు, పక్కవాళ్ళ తలుపులు చూడకూడదు. ఆయనే వేలితో ఆ తలుపు మేరకు నల్లటి చదరం ఒకటి గీశాడు. ఇక కెమెరాకు లిఫ్టు కనిపిస్తుంది, ఖాళీ జాగా కనిపిస్తుంది, సత్యవాణి తలుపు ఉన్నచోట మాత్రం నలుపు. ఆవిడ గుమ్మం దాటి నాలుగడుగులు వేస్తేగానీ కనిపించదు. మహీధర్‌కు ఆ నాలుగడుగులూ చాలు.

మర్నాడే కెమెరా ఆవిడ మొహం పట్టుకుని, ఈమె ఎవరు అని ఫోన్‌లో అడిగింది. సత్యవాణి ఆంటీ అని రాస్తే కల్పన చూస్తుంది, ఆంటీ వస్తే మీకెందుకండీ కబురు అంటుంది. మహీధర్ ఒక్క క్షణం ఆలోచించి, ఇంగ్లీషు అక్షరాల్లో 'ఎదురు' అని కొట్టాడు. తన తెలివికి తనే మురిసిపోయాడు. ఆ రోజునుంచి బూట్లు వేసుకుంటూ ఫోన్ చూసుకోవడం, అంతా ఖాళీ అని తేలాక గడప దాటడం. మూడు వారాలు ఒక్కసారి కూడా ఆవిడ ఎదురు రాలేదు. కెమెరా మహత్యం అనుకున్నాడు.

జూన్ సెలవుల్లో రెండో బ్యాంకునుంచి పిలుపు వచ్చింది. ఈసారి తన దగ్గర ఉన్న సర్టిఫికెట్టే అడిగారు. ఇంటర్వ్యూ రోజు ఉదయం కోటు, టై, ఫైలు అన్నీ సిద్ధం. తాళాలగుత్తి మాత్రం లేదు. టీవీ దగ్గర లేదు, ఫ్రిజ్ మీద లేదు, ప్యాంటు జేబుల్లో లేదు. సోఫా దిండ్లు ఎత్తి చూస్తున్నాడు. గాలి కోసం చెక్కతలుపు బార్లా తీసి ఉంది, ఇనపగేటు మాత్రం వేసి ఉంది. వర్షిత బల్ల దగ్గర కూర్చుని పాలు తాగుతోంది.

అప్పుడు హాల్లో ఉన్న స్పీకరు, ఎప్పుడూ పాటలు తప్ప పాడనిది, గట్టిగా, స్పష్టంగా పలికింది: "ఎడూరూ ఈజ్ ఎట్ ద ఫ్రంట్ డోర్."

పిజ్జా వచ్చినప్పుడు తెలియాలని వర్షిత ముందురోజే కెమెరాను స్పీకరుకు కలిపింది. ఆ సంగతి మహీధర్‌కు తెలియదు. గేటు అవతల సత్యవాణి నిలబడి ఉంది.

"ఎవరొచ్చారు బాబూ? ఎడూరు అంటుందేంటి అది?" అంది ఆవిడ, వెనక్కి తిరిగి చూస్తూ.

మహీధర్ నోరు తెరిచాడు. వర్షిత ముందే అందుకుంది.

"నో లా, ఆంటీ. దానికి 'ద' పలకడం రాదు. ఎ-దు-రు. నాలుక పళ్ళకి టచ్ అవ్వాలి, యు టాట్ మీ, రైట్? నువ్వు ఎదురిల్లు కదా, సో ఎదురు. డాడీ పెట్టారు నీ ఫేస్‌కి."

సత్యవాణి ఇటు తిరిగింది. మహీధర్ బూట్ల నుంచి టై దాకా చూసింది. ముప్పై ఏళ్ళు పరాయి దేశంలో ఉన్నా, ఆ మాటకు ఆవిడకు అర్థం చెప్పాల్సిన పని లేదు.

"మీ డాడీకి తెలుగు బాగానే గుర్తుంది" అంది చివరికి. తర్వాత గేటు వైపు చెయ్యి చూపింది. "తాళాలు గేటుకే వదిలేశావు బాబూ. నిన్నటినుంచీ ఇక్కడే వేలాడుతున్నట్టున్నాయి. నువ్వెళ్ళాక పాపకి చెబుదామనుకున్నాను. నువ్వు లోపల దిండ్లు విసురుతున్న చప్పుడు వినిపించింది. ఇంటర్వ్యూ ఉందని పాప చెప్పింది, లేటవుతుందని వచ్చేశాను."

పందొమ్మిదింటిలో గెలిచిన కెమెరా సరిగ్గా ఆ గేటు పైనే ఉంది. లిఫ్టు దాకా చూస్తుంది, తన కాళ్ళకింద వేలాడే తాళాలు చూడదు.

"అది కాదు ఆంటీ, ఆ యాప్‌లో పేరు..."

"కూర్చుని మంచినీళ్ళు తాగి వెళ్ళు" అని ఆవిడ వెనక్కి తిరిగింది. కోపంగా అనలేదు. అందుకే మహీధర్‌కు చెవులు కాలిపోయాయి. అయినా కూర్చున్నాడు, మంచినీళ్ళు తాగాడు.

ఇంటర్వ్యూలో, మీరు ముందుగా ఊహించలేకపోయిన రిస్కు ఒకటి చెప్పండి అన్నారు. తయారు చేసుకున్న జవాబు ఒక్కటీ గుర్తుకు రాలేదు. ఉదయం జరిగిందే చెప్పాడు. రెండు వారాలు వెతికి కెమెరా కొన్నానని, దాని కిందే తాళాలు వదిలేశానని, పక్కింటావిడ వచ్చి చెబితేగానీ తెలియలేదని. మొహానికి పెట్టిన పేరు సంగతి మాత్రం చెప్పలేదు. అడిగినవాళ్ళు ముగ్గురూ పగలబడి నవ్వారు. సాయంత్రానికల్లా ఫోన్ వచ్చింది. గురువారం తొమ్మిదింటికి ఆఖరి రౌండు.

ఇంకొకరైతే ఇక్కడితో ఆ పట్టింపును వదిలేసేవారు. మహీధర్ లెక్కల మనిషి. ఆవిడ ఎదురొచ్చింది, పని అయింది. అంటే ఎదురు తప్పు కాదు, ఆవిడ గడికి రంగు తప్పు వేశాడు. ఎర్ర గడిని మళ్ళీ ఆకుపచ్చగా మార్చి, లిటిల్ ఇండియాలో అరడజను బంగినపల్లి మామిడిపళ్ళు కొనుక్కుని, మర్నాడు సాయంత్రం ఎదురింటికి వెళ్ళాడు.

సత్యవాణి బల్ల దగ్గర వర్షిత చేత గుణింతాలు రాయిస్తోంది. పళ్ళు తీసుకుంది, కూర్చోమంది.

"ఆంటీ, గురువారం ఆఖరి రౌండు. ఎనిమిదింబావుకి బయల్దేరతాను" అన్నాడు మహీధర్. "ఆ టైముకి మీరు ఒక్కసారి బయటికొస్తే..."

"దేనికి?"

"అదే... ఎదురు."

ఆవిడ నవ్వలేదు. మామిడిపళ్ళ సంచీ ముడి విప్పుతూ చెప్పింది.

"అప్పుడు బిందెతో రమ్మన్నావు, వచ్చాను. తర్వాత వద్దనుకున్నావు, మానేశాను."

"వద్దని నేనెప్పుడన్నాను ఆంటీ?"

"అనలేదు. నన్ను చూసినప్పుడల్లా లోపలికెళ్ళి మంచినీళ్ళు తాగేవాడివి. గ్లాసు సింకులో పెట్టిన చప్పుడు ఇక్కడికి వినిపిస్తుంది బాబూ. అందుకని నీ గేటు పడ్డాకే నేను గడప దాటుతున్నాను. తొందరపని ఉంటే తప్ప ముందు రాలేదు. నువ్వేమో ఓ రోజు ఏడూనలభైకి వెళ్తావు, ఓ రోజు ఏడూయాభైకి. నేను పనిచేసే పిల్లల సెంటర్‌లో ఎనిమిదింటికల్లా ఉండాలి. ఏడుసార్లు లేటని రాశారు. గురువారం ప్రిన్సిపల్ పిలిచింది, కాంట్రాక్టు ఉంచాలా వద్దా అని. ఆ రోజు ఏడున్నరకి బయల్దేరతాను, నా పనికి. ఎనిమిదింబావుకి నీ పనికి రాలేను."

వర్షిత పెన్సిల్ ఆపి తలెత్తింది.

"ఆంటీ, ఎదురు మీన్స్ వాట్? ఆపోజిట్ కాదా?"

"మనం పని మీద గడప దాటుతాం చూడు, అప్పుడు మొదట కనిపించే మనిషి" అంది సత్యవాణి. ఎవరు మంచి ఎదురో, ఎవరు చెడ్డ ఎదురో చెప్పలేదు. వర్షిత తలూపి, మళ్ళీ గుణింతంలో పడింది.

ఇంటికి వచ్చి మహీధర్ ఫోన్ తెరిచాడు. చప్పుడే తప్ప మనుషులు కనిపించని క్లిప్పులను కెమెరా విడిగా ఒకచోట పడేస్తుంది, అతను వాటిని ఎప్పుడూ చూడలేదు. ఇప్పుడు ఒక్కొక్కటే నొక్కాడు. ప్రతి ఉదయమూ ఏడున్నరకు అదే నల్లటి చదరం, అందులోంచి గేటు గొళ్ళెం తీసిన చప్పుడు. ఆగడం. మెల్లగా గొళ్ళెం వేసిన చప్పుడు. వాటి పక్కన మామూలు క్లిప్పులను పెట్టి చూస్తే, పది నిమిషాలకో ఇరవై నిమిషాలకో తన గేటు ధడేలుమనడం, తన బూట్లు, లిఫ్టు గంట. ఆ తర్వాత మళ్ళీ ఆ గొళ్ళెం, లిఫ్టు వైపు పరుగులాంటి నడక. మూడు వారాల కెమెరా మహత్యం అంతా అదే. అతనికి నిజంగా సిగ్గేసింది. ఆ మనిషి చేతి అన్నం తన కూతురు రోజూ తింటోంది.

సిగ్గుపడ్డవాడు ఊరుకోవాలి. కానీ గురువారం ఉదయం ఏడూ ఇరవైకే మహీధర్ కోటు వేసుకుని తలుపు దగ్గర నిలబడ్డాడు. ఆంటీని అడగడం తప్పే, ఒప్పుకున్నాడు. అయితే ఆవిడ ఏడున్నరకు తన పని మీద తనే వస్తానంది. సరిగ్గా అదే నిమిషానికి తనూ గడప దాటితే, అడగకుండానే ఎదురు అయిపోతుంది. ఆవిడకు ఇబ్బంది లేదు, తనకు రిస్కు లేదు.

ఏడున్నరకు నల్లటి చదరంలో గొళ్ళెం చప్పుడైంది. మహీధర్ గేటు తోసుకుని బయటికి అడుగుపెట్టి, అలవాటుగా కెమెరా వైపు ఒకసారి తలెత్తి చూసి ఇటు తిరిగాడు. సత్యవాణి ఉతికిన ఇస్త్రీ చీరలో, భుజాన సంచీతో తన గుమ్మంలో ఎదురుగా నిలబడి ఉంది. ఇద్దరి మధ్య ఆ ఖాళీ జాగా ఒక్కటే ఉంది.

అతని వెనక, తెరిచి ఉన్న తలుపులోంచి స్పీకరు పలికింది: "ఎడూరూ ఈజ్ ఎట్ ద ఫ్రంట్ డోర్."

మహీధర్ ఉలిక్కిపడ్డాడు. ఆవిడ ఇంకా తన గుమ్మం దాటనే లేదు, కెమెరాకు కనిపించే చోట లేదు. కెమెరా కింద ఉన్నది తను ఒక్కడే.

"నేనే మార్చాను, డాడీ" అంది వర్షిత లోపలినుంచి, నోట్లో బ్రష్షుతో. "ఆంటీది ఆంటీ అని పెట్టాను. ఆంటీ పనికి వెళ్తుంటే ఫస్ట్ కనిపించేది నువ్వు కదా. సో ఎదురు నువ్వే లా. కరెక్ట్ వాట్?"

ఆ రోజు ఆవిడ కాంట్రాక్టు పొడిగించారు, అతనికి ఉద్యోగమూ వచ్చింది. ఎవరి ఎదురు ఎవరికి పనిచేసిందో లెక్క తేల్చడం ఏ గడివల్లా కాలేదు. అదంతా సాయంత్రానికి తెలిసిన సంగతి. ఉదయం ఏడున్నరకు మహీధర్‌కు తెలిసింది ఒక్కటే. ఒక పెద్దావిడ తిండి సంపాదించుకునే పని మీద బయల్దేరింది, ఆవిడ దారికి అడ్డంగా తను నిలబడి ఉన్నాడు. పధ్నాలుగు నెలల్లో ఆవిడకు ఎలా ఉండి ఉంటుందో మొదటిసారి తెలిసింది.

"ఆంటీ" అన్నాడు. "కాసేపు కూర్చుని... మంచినీళ్ళు తాగి వెళ్తారా?"

సత్యవాణి గేటుకు తాళం వేసుకుంది. తాళంచెవి సంచీలో వేసుకుని, తాళం ఒకసారి లాగి చూసుకుంది. అతని పక్కనుంచి నడిచి వెళ్ళి లిఫ్టు మీట నొక్కింది.

"నాకలాంటి పట్టింపులు లేవు బాబూ" అంది.

ఆ మాట తర్వాత 'కానీ' వస్తుందని మహీధర్ ఎదురుచూశాడు. లిఫ్టు వచ్చింది.